విమానం మూత పట్టుకుని గూడెం నుంచి కొల్లేరు దాకా

కొల్లేరు వెళ్ళొచ్చానని చెబితే చాలు, అందరూ పక్షుల గురించే అడుగుతున్నారు. పక్షులను నేను సరిగ్గా చూడలేదు. తెల్లగా, భారీగా, ముక్కు కింద సంచి వేలాడే కొంగల్లాంటివి కొన్ని కనిపించాయి, అంతే. నేను వెళ్ళింది ఒక మూత సంగతి తేల్చుకోవడానికి. తేలిందా అని అడిగితే మాత్రం ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు. అడిగిన ప్రతివాళ్ళూ ఒక మాట చెప్పారు. ఒకరి మాటకు ఇంకొకరి మాట అడ్డం. అయినా వింటున్నంతసేపూ ప్రతి మాటా నిజమేననిపించింది.

మూత మా మామగారిది. ఎనభై దాటిన మనిషి, విజయనగరంలో మాతోనే ఉంటారు. జూటు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. సొంతూరు తాడేపల్లిగూడెం పక్కనని మాకు తెలుసు గాని, నేను కాపరానికి వచ్చిన ముప్ఫై అయిదేళ్ళలో ఆయన అటువైపు వెళ్ళడం ఒక్కసారి కూడా చూడలేదు. పెళ్ళి పిలుపులొస్తే ఆ వారమంతా ఒంట్లో బాగుండేది కాదు.

మొన్న వర్షాకాలంలో జ్వరపడి లేచాక ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, పాత పంచె ముక్కలో చుట్టిన వస్తువొకటి చేతిలో పెట్టారు. అరచేతిలో పట్టే మూత. అల్యూమినియంలా తేలిగ్గా ఉంది. లోపల మరలు, పక్కన తెగిన గొలుసు తాలూకు రెండు లింకులు ఉన్నాయి.

"విమానం పెట్రోలు ట్యాంకుదమ్మా ఇది" అన్నారు. "యుద్ధం రోజుల్లో గూడెంలో దొరల విమానాలకి పెట్రోలు పోసేవాణ్ణి. తోలుగుడ్డలో వడకట్టి పొయ్యాలి. ఒక రోజు మధ్యాహ్నం మూతకుండే గొలుసు తెగిపోయింది. తర్వాత తీగతో కడదాంలే అని నిక్కరు జేబులో వేసుకున్నాను. ఇంతలో పీపాలు దొర్లించమని ఎవరో కేకేశారు. నేను వెనక్కి వచ్చేసరికి విమానం లేచిపోయింది."

గంటలో తిరిగి రావలసిన విమానం సాయంత్రమైనా రాలేదట. యుద్ధకాలం. ఉరి తీస్తారన్న భయంతో ఆయన స్టేషనుకు పరిగెత్తి, కనిపించిన రైలెక్కి విజయనగరంలో దిగారు. ఇక వెనక్కి చూడలేదు.

"నేనొక మనిషిని చంపానమ్మా. చంపానో లేదో నువ్వు కనుక్కుని రా. పోయేలోపు నాకు తెలియాలి."

మా వారికి చెబితే, "అరవై ఏళ్ళ కిందటి దొరని నువ్వెక్కడ పట్టుకుంటావు? ఎలాగూ గూడెం దాకా పోతున్నావు కాబట్టి పక్కనే ఏలూరులో ఒక తివాచీ తే" అన్నారు. మోకాళ్ళ నొప్పి వంకతో ఆయన రాలేదు. నేను సోషలు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ రెండో ప్రపంచయుద్ధాన్ని ఏటా రెండు పీరియడ్లలో ముగించేసేదాన్ని. అందులో గూడెం ఉందని నాకు తెలియదు.

గూడెం, ఉల్లిపాయలు

రైలు దిగగానే ఉల్లిపాయల వాసన. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు గురించి వినడమే గాని, అంత ఉల్లి ఒకచోట చూడటం అదే మొదటిసారి. ఇక్కడి మర్యాద కూడా వింటే గాని నమ్మలేం. మా ఊళ్ళో ఆటో అబ్బాయి బేరం కుదరకపోతే మొహం తిప్పుకుంటాడు. ఇక్కడి అబ్బాయి, "ఆ రేటుకైతే మీరు నడిచెళ్ళిపోవచ్చండీ, దగ్గరేనండీ" అన్నాడు. తిట్టాడో, దారి చెప్పాడో అర్థంకాక నడిచే వెళ్ళాను. దగ్గరేం కాదు.

యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే ఇప్పటికీ ఉంది. పొడవుగా, బోసిగా, పగుళ్ళలో గడ్డి మొలిచి ఉంది. ఒకాయన భార్యకు స్కూటరు నేర్పుతున్నాడు. ఇద్దరు గేదెలను తోలుకెళుతున్నారు. మా మామగారు ఏ మూల నిలబడి పెట్రోలు పోసి ఉంటారో ఊహించుకోవాలని చూశాను. ఎటు చూసినా ఒకేలా ఉండటంతో ఏ వైపునుంచి వచ్చానో కూడా మరిచిపోయాను. స్కూటరు నేర్చుకుంటున్న ఆవిడే రోడ్డు చూపించింది.

మర్నాడు పొద్దున్న హోటల్లో పెసరట్టు తిన్నాను. పది రూపాయలు. లోపల ఉప్మా పెట్టి మడిచి, పైన అల్లం పచ్చడి వేసి ఇచ్చారు. మా ఇంట్లో ఉప్మా చేసిన రోజు పెసరట్టు ఉండదు, పెసరట్టు వేసిన రోజు ఉప్మా ఉండదు. రెండూ ఒకేసారి తింటే ఏమవుతుందోనని భయపడుతూనే రెండోది కూడా చెప్పాను.

హోటలాయన సలహా మీద ఉల్లి మార్కెట్టులో ఒక ముసలి వర్తకుడి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు సైన్యం క్యాంపుకు కూరగాయలు వేసేవారట. ఆయన మూతను అటూ ఇటూ తిప్పి, "బోరు పంపుదాండీ?" అన్నారు. విషయం చెప్పాక సర్దుకుని కూర్చున్నారు.

"ఇక్కడినించి లేచిన ఇమానం ఒక్కటి కూడా పడలేదండీ. మా నాన్నగారు చెప్పేవారు."

పక్కన కాటా దగ్గరున్న ఇంకో పెద్దాయన, "మూడు పడ్డాయండీ" అన్నారు.

"పడలేదండీ."

"మా మేనమావ చూసేడండీ."

"మీ మేనమావ అప్పటికి పుట్టలేదండీ."

ఇద్దరూ అండీ అంటూనే అరగంట పోట్లాడుకున్నారు. ఈలోగా నా మూతను కాటా పళ్ళెంలో పెట్టి ఎవరో దానిమీద ఉల్లిపాయలు పోసేశారు. దాన్ని వెతికి తీసేసరికి నాకు చెమటలు పట్టాయి. చివరికి ఆ వర్తకుడే ఏలూరులో ఒక లేతు మిషను షాపు గుర్తులు చెప్పారు. సుందర్రావు అనే ఆయన ఎయిర్‌ఫోర్సులో ఫిట్టరుగా చేసి వచ్చారట, విమానాల సామాను చూస్తే చెబుతారట. అర కిలో ఉల్లిపాయలు కొనకుండా లేవడానికి మొహమాటమేసింది. ఆ ఉల్లిపాయలు మూడు రోజులూ నాతో తిరిగాయి.

ఏలూరు, లేతు షాపు

ఏలూరు కాలవ ఒడ్డున, ట్రాక్టరు సామాన్ల మధ్య సుందర్రావుగారి షాపు. అరవై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మూతను చూశారు, మరలు లెక్కపెట్టారు, గోటితో గీకారు. నేను జరిగిందంతా చెప్పాను. మామగారి సంగతి దాచకుండా చెప్పాను. ఊరు కాని ఊళ్ళో, ముఖపరిచయం లేని మనిషితో, మా మామగారు ఒకరిని చంపి ఉండవచ్చని చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నేను పనిచేసింది చాలా తర్వాతొచ్చిన విమానాల మీదండీ. గట్టిగా చెప్పలేను" అన్నారాయన. "కానీ ఇది లోపలుండే అసలు ట్యాంకుది కాదనిపిస్తందండీ. విమానం కింద అదనంగా ఇంకో ట్యాంకు తగిలిస్తారు, డ్రాప్ ట్యాంకని. అందులో పెట్రోలు అయిపోతేనో, ఏదైనా తేడా వస్తేనో, లోపల కూర్చున్నాయన మీట లాగితే అది ఊడి కింద పడిపోద్దండీ. విమానం లోపలి ట్యాంకు మీద ఎగిరిపోద్ది."

"అంటే మూత లేకపోయినా విమానం పడదా?"

"పడక్కర్లేదండీ."

నాకు అక్కడే లేచి ఎగరాలనిపించింది. అంతలోనే ఆయన కళ్ళజోడు కిందికి దించుకుని, "కానీండీ..." అన్నారు.

కొల్లేరులో వాళ్ళ వదినగారి లంకలో, యుద్ధం రోజుల్లో విమానం పడిందట. దాని రేకుతో చేసిన దోనె ఇప్పటికీ వాళ్ళింట్లో ఉందట. ఆ విమానం దొరకు సమాధి కూడా కట్టారట.

"సమాధా?"

"ఆయ్. మా పెళ్ళయిన కొత్తలోనే చూపించేరండీ. సమాధుల పండక్కి మావాళ్ళు తాతలకీ తండ్రులకీ కొవ్వొత్తి పెడతారు కదండీ, ఆయనకీ ఒకటి పెడతారు."

ఆ పూట వాళ్ళింట్లోనే భోజనం పెట్టారు. ఏం తిన్నానో గుర్తులేదు. పడక్కర్లేదంటారు, పడిందంటారు, సమాధి ఉందంటారు. రెండూ ఎలా నిజమవుతాయని అడిగితే, "అదే నాకూ అర్థం కావట్లేదండీ, రేపు వెళ్దాం" అన్నారు. లాడ్జికి వచ్చి ఇంటికి ఫోను చెయ్యలేదు. మామగారు ఎత్తితే ఏం చెప్పాలి? సమాధి దొరికిందనా? తివాచీ సంగతి నిజంగానే మరిచిపోయాను.

లంక

ఈ ఏడాదే కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసింది. దారి పొడుగునా తెగిన గట్లు, మట్టి దిబ్బలు, వాటి మధ్య ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డ నీళ్ళు. పడవ నడిపినాయన, "ఇదివరకైతే ఇటెళ్ళేవాళ్ళమండీ, ఇప్పుడు దారి మారిపోయిందండీ" అంటూ రెండుసార్లు గుర్రపుడెక్కలో ఇరికించాడు. దిగేటప్పుడు నా ఎడమకాలి చెప్పు బురదలో ఉండిపోయింది. ఒక చెప్పుతో లంకలో అడుగుపెట్టాను.

సుందర్రావుగారి వదిన పేరు సంతోషమ్మ. డెబ్భై దాటాయి, మనిషి గట్టిగానే ఉంది. ముందు నా కాళ్ళు కడిగించి, తన చెప్పులిచ్చి, ఆ తర్వాతే ఎందుకొచ్చారని అడిగింది. కొర్రమేను పులుసు వండింది. అందులో బెండకాయలు వేసింది. మా వైపు చేపల పులుసులో బెండకాయ వేస్తే మగవాళ్ళు కంచం దగ్గరనుంచి లేచిపోతారు. ఇక్కడ బెండకాయ కోసమే మళ్ళీ పులుసు వేయించుకున్నాను. చెరువులు పోయాక ఇంట్లో మగవాళ్ళు పనికి బయట ఊళ్ళకు వెళుతున్నారని చెబుతూనే నా కంచం నింపుతూ వచ్చింది.

తిన్నాక దోనె చూపించింది. కొల్లేరులో దోనె అంటే తాటి మొద్దు తొలిచి చేసేది. ఇది మాత్రం పశువుల పాక వెనక, గడ్డి కింద, తళతళ పోయిన రేకుతో వెల్లకిలా పడి ఉంది. రెండు కొసలూ కోసుగా ఉన్నాయి. అంచు వెంట వరసగా బెజ్జాలు. ఇప్పుడు అందులో కుడితి పోస్తున్నారు. సుందర్రావుగారు వంగి అంచు తడిమారు, బోర్లించి చూశారు, మళ్ళీ తిప్పారు.

"వదినా, ఇది విమానం రేకు కాదు. పెట్రోలు ట్యాంకు. పొడుగునా రెండు సగాలుగా ఊడదీశారు, ఇది కింది సగం. ఇన్నేళ్ళూ వచ్చి తిని పోయేవాణ్ణి గాని, ఈ పాక వెనక్కి ఎప్పుడూ రాలేదు."

"పెట్రోలు ట్యాంకేంటయ్యా, ఇదే ఇమానం" అంది సంతోషమ్మ. "పై సగం దొర సమాధిలోనే ఉంది."

అప్పుడు కూర్చోబెట్టి అడిగాం. నీళ్ళలో పడ్డది ఒడ్డుకు లాగితే, వెండిలా మెరుస్తూ ముందు ముక్కు, వెనక తోక ఉన్నాయట. విమానాన్ని దగ్గరనుంచి చూసినవాళ్ళు ఆ లంకలో ఎవరున్నారు? రెక్కలు విరిగి నీళ్ళలో పోయాయనుకున్నారు. పైన గుండ్రంగా ఒక కంత ఉంది. దొర పడేటప్పుడే జారిపోయి మునిగిపోయాడని అప్పటి చర్చి పంతులుగారు తేల్చారు. మూడు రోజులు వలలు వేసి వెతికారట. ఒళ్ళు దొరకలేదు. ఎవరి బిడ్డో, పూడ్చకుండా ఎలా వదిలేస్తామని, కంత ఉన్న పై సగం దోనెకు ఎలాగూ పనికిరాదు కాబట్టి, దాన్నే కొత్త గుడ్డలో చుట్టి, పాటలు పాడి, ప్రార్థన చేసి పూడ్చిపెట్టారు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఊరు ఊరంతా కలిసి ఒక పెట్రోలు ట్యాంకుకు అంత్యక్రియలు చేసింది. దేశం కాని దేశం మనిషి కోసం మూడు రోజులు పనులు మానుకుని వలలు వేసిందీ ఆ ఊరే.

"ఆ కంత ఎంతుండేదమ్మా?" అని అడిగాను.

"నా చెయ్యి మోచేతి దాకా దూరిందండీ. నాకప్పుడు పదేళ్ళు. లోపల కిరసనాయిలు కంపు. చెయ్యి పెట్టినందుకు మా నాన్న తిట్టేడండీ."

"మూత లేదా?"

"లేదండీ. గొలుసు ముక్క మాత్రం ఏలాడతా ఉండేది."

సంచిలోంచి మూత తీసి ఆవిడ చేతిలో పెట్టాను. రెండు లింకులూ వేలితో తడిమి చూసింది. మా మామగారి సంగతి చెప్పాను.  వింటూ వింటూ ఆవిడ అకస్మాత్తుగా లేచి నిలబడింది.

"అయితే ఇమానం ఒకటేనని నేను చెప్పింది నిజమేనండీ!"

"ఒకటేమిటమ్మా?"

"మా నాన్నతో దోనెలో కిక్కిస గడ్డి కొయ్యడానికి ఎల్లేనండీ. పొద్దు వాలిపోతంది. ఇమానం ఒకటి కిందికంటా వచ్చింది. దాని కిందనించి తెల్లగా కారతందండీ. అదేదో ఊడి దభీమని నీళ్ళలో పడింది. ఇమానం మాత్రం అలా ఎల్లిపోయింది. ఆ ఎల్లిపోయిందేంటి నాన్నా అంటే, అది ఇంకో ఇమానమే, రెండొచ్చేయి, ఒకటి పడిందన్నారు. కాదు ఒకటే అన్నానండీ. తొడపాశం పెట్టేరు. అప్పట్నించి నేనూ రెండనే చెబుతున్నానండీ."

"ఎటు వెళ్ళింది?"

చెయ్యి చాచి చూపించింది. సుందర్రావుగారు అటే చూస్తూ, "గూడెం వైపేనండీ" అన్నారు.

సమాధి దగ్గరికి నడిచాం. సమాధుల పండగ వెళ్ళి వారమే అయింది. అన్నిటికీ కొత్త సున్నం, అన్నిటి మీదా కరిగిన కొవ్వొత్తులు. చివర్లో చిన్న సిలువ. దాని కింద నల్లరంగుతో "విమానం దొర" అని రాసి ఉంది. తవ్వి ఆ కంతకు పెట్టి చూస్తే మూత సరిపోతుందో లేదో అరగంటలో తేలిపోతుంది. చర్చి పెద్దలను అడుగుదామా అని సుందర్రావుగారు నెమ్మదిగా అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సరిపోకపోతే మళ్ళీ మొదటికి వస్తుందన్న భయం కొంత. మధ్యాహ్నం లేచిన విమానం పొద్దు వాలేదాకా ఎక్కడ తిరిగిందో కూడా మాకెవరికీ తెలియదు.

"అందులో మనిషి లేడని ఇప్పుడు తెలిసింది కదమ్మా. కొవ్వొత్తి మానేస్తారా?" అని సంతోషమ్మను అడిగాను.

"ఎందుకు మానతామండీ? బతికెళ్ళినా ఈపాటికి పోయే ఉంటాడు కదా. ఎక్కడ పోయినా ఆయనకే చెందుద్ది" అంది.

విజయనగరం

ఇంటికి వచ్చేసరికి మామగారు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. మావారు తివాచీ కోసం సంచీ వైపు చూశారు, ఉల్లిపాయలు చూసి లోపలికి వెళ్ళిపోయారు. స్నానం కూడా చెయ్యకుండా మామగారి పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పాను. నాకు తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పాను. ట్యాంకు పడింది, మనిషి పడలేదు, విమానం వెళ్ళిపోయింది. చూసినావిడ చెప్పింది.

"ఆ పిల్ల చూసిందా? తన కళ్ళతోనే?"

"చూసింది మామయ్యగారూ."

"ఎటు పోయిందంది?"

"గూడెం వైపు."

"ఏ వేళప్పుడు?"

"పొద్దు వాలుతుంటేనట."

ఆయన మొహం విప్పారుతుందని చూశాను. రైల్లో దారంతా ఆ మొహాన్నే ఊహించుకుంటూ వచ్చాను. ఆయన వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్క వేసుకుంటున్నారు.

"నా రైలూ అప్పుడేనమ్మా" అన్నారు. "కొల్లేరు నుంచి గూడానికి విమానంలో ఎంతసేపు? ఆయన దిగేసరికి నేను రైల్లో ఉన్నాను. ఇంకొంచెంసేపు ఆగలేకపోయాను."

"దొర బతికాడు కదా మామయ్యగారూ, మీ చేతిలో ఎవరూ పోలేదు కదా" అన్నాను.

"అవునమ్మా. బతికాడు. మంచిదే" అన్నారు.

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. తాను పారిపోయాక తన ఊరికి ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదని, రాస్తే పట్టుకుంటారని భయపడ్డానని చెప్పారు. నాలుగేళ్ళ తర్వాత రైల్లో కలిసిన ఎవరో చెబితే తెలిసిందట, వాళ్ళమ్మ పోయిందని.

"సాయంత్రం రైలు వచ్చే వేళకి రోజూ గూడెం స్టేషనుకి వెళ్ళి నిలబడేదట" అన్నారు. "నేనేమైపోయానో మా అమ్మకి చివరిదాకా తెలియలేదు."